తాడు ఎవరి చేతిలో ఉంది?



నల్లమల చెంచులు కొండతేనె తీసే తీరు మీలో కొందరు చూసే ఉంటారు, కొందరు వినే ఉంటారు. నిట్టనిలువు బండ. దాని చూరుకు చేటంత తేనెపట్టు. పైనుంచి వేలాడేసిన తాడు పట్టుకుని ఒక మనిషి ఆ పట్టు దాకా దిగుతాడు. కింద లోయ, చుట్టూ పొగ, ఆ పొగలో లేచిన తేనెటీగలు. అప్పుడు పైన తాడు దగ్గర ఎవరు కాపలా ఉండాలనేదానికి వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉందని చెబుతారు. దిగినవాడి బావమరిది ఉండాలి. సొంత తమ్ముడు పక్కనే ఉన్నా ఆ పని అతనికి అప్పగించరు. తాడు జారితే తెగేది బావమరిది తోడబుట్టినదాని తాళి గనక, అతను కన్ను కూడా ఆర్పడని లెక్క.

తాడు గట్టిదా కాదా అని అందరం చూస్తాం. తాడు జారితే దాన్ని పట్టుకున్నవాడికి ఏం పోతుందని చెంచులు చూశారు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ రెండో చూపు గురించి. నల్లమలలో మొదలుపెట్టాను గానీ, నేను వెళ్ళాల్సిన చోటు హైటెక్ సిటీ.

మొన్నొక శుక్రవారం సాయంత్రం మైండ్‌స్పేస్ జంక్షన్ దగ్గర క్యాబ్ కోసం నిలబడి ఉన్నాం. మా టీమ్‌లో పనిచేసే కుర్రాడొకడు ఫోన్ నా ముందు పెట్టాడు. తెర మీద ఒక ప్రకటన. నలభై ఎనిమిది గంటలు అడవిలో ఉండాలి, నిప్పు మీరే పుట్టించుకోవాలి, గూడు మీరే కట్టుకోవాలి అని రాసుంది. దాని కింద ధర, ధర కింద నలుగురు కలిసి వస్తే తగ్గింపు. "అన్నా, నువ్వు రెండుసార్లు పోయొచ్చినవ్ కదా. ఇది మంచిదేనా?" అని అడిగాడు. క్యాబ్ రావడానికి పద్నాలుగు నిమిషాలుంది. ఆ పద్నాలుగు నిమిషాల్లో వాడికి చెప్పిందీ, చెప్పలేకపోయిందీ కలిపి మీకు చెబుతాను.

ముందు అడవికి పోవాలనే ఆ కోరిక గురించి ఒక మాట. సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబర్ 22న. అంతకు ముందు అది ఉన్న మాదాపూర్ అంటే బండలు, సీతాఫలం పొదలు, నెమళ్ళు. ఆ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. వాటిని పేల్చి, చదును చేసి, అద్దాల మేడలు కట్టి, అందులో ఏసీ పెట్టుకుని కూర్చున్నాం. శనివారం వచ్చేసరికి ఒక బండ మీద కూర్చోడానికి డబ్బు కడుతున్నాం. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ కోరికను నేను తప్పుపట్టను. పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు కూడా ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగే. నెల్లూరు జిల్లా సంగం దగ్గరి పల్లెలో పుట్టి, కోరుకొండ సైనిక్ స్కూల్లో, ఖరగ్‌పూర్ ఐఐటీలో, కలకత్తా ఐఐఎంలో చదివాడు. సత్యం కంప్యూటర్స్‌లో పనిచేశాడు. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. కుర్చీలో కూర్చున్నవాడు కొండెక్కలేడని ఎవరూ అనకుండా చేసిపోయాడు. అంతటి అనుభవం ఉన్న ఆయన కూడా 2015 మార్చిలో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల్లోకి ఒంటరిగా వెళ్ళి తిరిగి రాలేదు. కొండ ఎవరి బయోడేటా అడగదు.

ఇక అసలు విషయం. బుష్‌క్రాఫ్ట్ అని, వైల్డర్‌నెస్ సర్వైవల్ అని, క్యాంపింగ్ అని, ట్రెకింగ్ అని ప్రకటనల్లో కలగాపులగంగా రాస్తారు. నాలుగూ ఒకటి కావు. ట్రెకింగ్‌లో నడుస్తారు, అంతే. వంటవాడు వేరే ఉంటాడు. క్యాంపింగ్‌లో టెంట్ వేసుకుని పడుకుంటారు. సర్వైవల్ అంటే దారి తప్పినప్పుడో, కాలు విరిగినప్పుడో సాయం వచ్చేదాకా ప్రాణం నిలుపుకోవడం. బుష్‌క్రాఫ్ట్ అంటే తక్కువ సామానుతో, చుట్టూ దొరికే కట్టె, నార, ఆకు, నీళ్ళతో అడవిలో తీరికగా ఉండగలగడం. పేరు ఇంగ్లీషుదైనా పని మనకు కొత్తది కాదు. మన భాషలో దానికి పేర్లు ఇంకా బతికే ఉన్నాయి. ఇసుకలో గుంట తీసి నీళ్ళు ఊరనిస్తే అది చెలమ. చలికి నలుగురూ చుట్టూ కూర్చునేలా వేసే మంట నెగడు. ఉక్కుతో కొట్టి నిప్పురవ్వ తీసే రాయి చెకుముకి. లాగితే ఊడేది జారుముడి, ఎంత లాగినా ఊడనిది పీటముడి. మేకల కాపరులకు, తునికాకు ఏరేవాళ్ళకు, ఇప్పపువ్వుకు పోయేవాళ్ళకు ఇవి కోర్సులు కావు, పొద్దున లేస్తే చేసే పనులు.

అయితే టీవీ వచ్చాక ఈ విద్యకు వేరే రంగు పడింది. పురుగును నమలడం, కొండ మీంచి దూకడం, ఒక చిన్న కత్తితో అడవినంతా జయించడం. 2019 ఆగస్టులో ప్రధాని మోదీ జిమ్ కార్బెట్ అడవిలో అలాంటి కార్యక్రమంలో కనిపించాక మన కుర్రాళ్ళకు ఆ సరదా ఇంకా ముదిరింది. కోర్సు అమ్మేవాళ్ళు కూడా ఆ బొమ్మే చూపిస్తారు. ఎన్ని నేర్పుతామో పొడుగు చిట్టా ఇస్తారు. నా అనుభవంలో ఆ చిట్టాను పట్టించుకోనక్కర్లేదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు చూడాల్సింది ఇంకొకటుంది. ఆ శిక్షకులు ఏమేం వద్దంటారో అడగండి. వద్దు అనే ధైర్యం ఉన్న మనిషి చేతిలోనే మీ తాడు ఉండాలి.

నా మొదటి కోర్సు కథ చెబుతాను. సంస్థ పేరు చెప్పను. ఒక బస్సులో నలభై రెండు మందిమి. దారి పొడుగునా స్పీకర్లు. దిగగానే టీషర్టులు పంచారు. నిప్పు పుట్టించడం నేర్పే ఘట్టంలో కట్టెలు రాజుకోకపోతే శిక్షకుడు శానిటైజర్ సీసా వంచేశాడు. భగ్గుమంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి వెదురుబొంగులో కోడి కాల్చారు, పాటలు పెట్టారు. ఆదివారం మధ్యాహ్నం అడవిలో బతకడం వచ్చినట్టు ప్లాస్టిక్ అతికిన సర్టిఫికెట్ ఇచ్చారు. నిజం చెప్పాలంటే నాకు ఆ రెండు రోజుల్లో వచ్చిన విద్య వరుసలో నిలబడి ఫొటో దిగడం.

రెండోది వికారాబాద్ వైపు, అనంతగిరి కొండలకు కాస్త దూరంలో, ఒకరి సొంత మామిడితోట. ఎనిమిది మందిమి. నేర్పింది ఒక అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయేమో. ఉత్తరకాశీలో పర్వతారోహణ బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సులు చేసి, ఆ పైన నేర్పడం ఎలాగో నేర్పే కోర్సు కూడా చేసింది. డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలడుగుదామనుకున్నాను. ఆవిడే నన్ను అడగడం మొదలుపెట్టింది. బీపీ ఉందా? ఏ మాత్ర వేసుకుంటారు? తేనెటీగ కుడితే ఎప్పుడైనా ఒళ్ళు వాచిందా? ఆగకుండా ఎంత దూరం నడుస్తారు? నా జవాబులు విని, "అంకుల్, ఇరవై రోజులు పొద్దున్నే నడవండి, వచ్చే బ్యాచ్‌లో తీసుకుంటాను" అంది. చేతికొచ్చిన డబ్బు వద్దన్న మనిషి. నాకు కొంచెం రోషం వచ్చింది గానీ, తాడు సరైన చేతిలో ఉందని ఆ క్షణానే అర్థమైంది.

అది జూలై. సన్నటి జల్లు ఆగి ఆగి పడుతోంది. తడిసిన తోటలో నిప్పు రాజేయమంది. నేల మీద పడినవి ముట్టుకోవద్దంది, అవి నీళ్ళు తాగేసి ఉంటాయి. చెట్టు మీదే ఎండిపోయి, విరిస్తే పటుక్కుమనే పుల్లలు ఏరుకోమంది. బొటనవేలంత కర్రను నిలబెట్టి, దాని తల మీద కత్తి ఆనించి, కత్తి వీపు మీద ఇంకో కర్రతో కొడుతూ నిలువునా చీల్చాం. పైన తడి, లోపల పొడి. ఆ పొడి చెక్కను పెన్సిల్ చెక్కినట్టు చెక్కాలి. కానీ చెక్కిన సుళ్ళు రాలిపోకుండా పుల్లకే అంటుకుని ఉండాలి. నేను చెక్కినవన్నీ రాలిపోతున్నాయి. కొబ్బరి పీచును వేళ్ళతో చిక్కు విప్పి, పిచ్చుకగూడులా చేసి, మధ్యలో చిటికెడు దూది పెట్టాను. ఫెర్రో రాడ్ అని ఒక నల్లటి కడ్డీ ఇచ్చింది, మన చెకుముకికి ఈ కాలపు మనవడు. దాన్ని కత్తి వీపుతో గీస్తే రవ్వలు జలజలా రాలాయి. దూది అంటుకుంది, పీచు అంటుకుంది, నా ఆత్రం కొద్దీ పెద్ద పుల్ల పెట్టాను, ఆరిపోయింది. మళ్ళీ మొదటికి. అగ్గిపుల్లంత సన్నవి, తర్వాత పెన్సిలంతవి, ఆ తర్వాతే వేలంతవి. గంటా నలభై నిమిషాలు పట్టింది. మంట నిలిచాక నా పక్కనున్న టెస్టింగ్ ఇంజినీరు, "సార్, మన రిలీజ్ కూడా ఇట్లనే ఆరిపోయింది పోయినసారి" అన్నాడు. ఆ అమ్మాయి మాత్రం నా చెయ్యి వైపు చూసి, "అంకుల్, కత్తి ముందు ఒరలో పెట్టండి, తర్వాత నవ్వండి" అంది.

మరుసటి రోజు పక్కనున్న వాగు దాటి అవతలి ఒడ్డున గూడు కట్టాలని ముందే రాసిచ్చిన కార్యక్రమం. పొద్దున మా మీద వాన లేదు. ఎగువ కొండల మీద మాత్రం మబ్బు నల్లగా ఉంది. ఆవిడ వాగులో నిలబెట్టిన గుర్తుపుల్ల వైపు చూసి, దాటడం లేదంది. మాలో ఒకాయన గట్టిగానే అన్నాడు, డబ్బు కట్టాం కదా అని. ఆవిడ గొంతు పెంచలేదు. "వద్దు" అంది, అంతే. ఇవతలి ఒడ్డునే టార్పాలిన్ కట్టడం నేర్పింది. ముప్పావు గంటకు వాగు ఎర్రటి నీళ్ళతో, కొమ్మల్ని దొర్లించుకుంటూ వచ్చింది. మా గుర్తుపుల్ల కనబడలేదు. డబ్బు సంగతి ఎత్తినాయన ఆ తర్వాత సాయంత్రం దాకా ఏమీ మాట్లాడలేదు.

ఆ వాగును చూస్తున్నంతసేపూ నాకు 2014 జూన్ 8 గుర్తొచ్చింది. హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది. హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్ళిన ఇంజినీరింగ్ విద్యార్థులు నది మధ్య రాళ్ళ మీద ఫొటోలు దిగుతున్నారు. ఎగువనున్న లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్ళు వదిలారు. ఇరవై నలుగురు పిల్లలు కొట్టుకుపోయారు. ఈ నగరంలో ఎన్ని ఇళ్ళలో ఆ ఫొటోలు గోడల మీద ఉన్నాయో. ఆ నది వాళ్ళకు కొత్త. ఎగువన ఆనకట్ట ఉన్న నదిలో రాళ్ళు పొడిగా కనబడటమే ప్రమాదమని చెప్పే మనిషి పక్కన లేడు. నిప్పు పుట్టించడం రాకపోతే ఒక రాత్రి చలికి వణుకుతాం. నీటిని చదవడం రాకపోతే ప్రాణమే పోతుంది. నన్నడిగితే ఏ కోర్సులోనైనా మొదటి పాఠం నీళ్ళ గురించే ఉండాలి.

ఇక అడగాల్సిన ప్రశ్నలకు వద్దాం. మొదటిది, ఎవరి నేల మీద నేర్పుతారు? దీని వెనక చట్టం ఉంది. అడవిలో దూరి కట్టె కొట్టి నెగడు వేసుకోవడం సినిమాల్లో బాగుంటుంది. మన దగ్గర రిజర్వు అడవిలో చెట్టు కొట్టినా, నిప్పు పెట్టినా నేరం. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, దానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయకూడదు అని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతుంది. ఉచ్చు పన్నడం కూడా ఆ చట్టం లెక్కలో వేటే. ఉడుమును పట్టినా, కుందేలుకు ఉరి పెట్టినా కేసే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కడైనా రాత్రి నిప్పు వేసుకుని పడుకుందాం రండని ఎవరైనా పిలిస్తే, వాళ్ళు మీకు నేర్పేది బుష్‌క్రాఫ్ట్ కాదు, దొంగతనం. మంచి శిక్షకుడు సొంత తోటలోనో, అడిగి తీసుకున్న పట్టా భూమిలోనో నేర్పుతాడు. అటవీ శాఖ దారిలో నడిపిస్తే అనుమతి కాగితం జేబులో ఉంచుకుంటాడు.

రెండోది, ఏ కాలంలో నేర్పుతారు? మనవి ఆకురాల్చే పొడి అడవులు. ఫిబ్రవరి నుంచి ఎండాకులు నేలంతా పరుచుకుంటాయి. ఒక్క రవ్వ చాలు. వేసవి అంతా అటవీ సిబ్బంది మంటలార్పడంతోనే సతమతమవుతారు. ఏప్రిల్, మే నెలల్లో నిప్పు పాఠం పెట్టే సంస్థకు ఈ నేల తెలియదనుకోండి. దానికి తోడు ఎండ. మన బండలు పగలంతా కాగి, పొద్దుగూకాక కూడా వేడి కక్కుతూనే ఉంటాయి. కొత్తవాళ్ళకు నవంబర్ నుంచి ఫిబ్రవరి మొదటివారాల దాకా మంచి కాలం. వానాకాలంలో నేర్చుకుంటే విద్య గట్టిపడుతుంది గానీ, వాగు ముందు ఆగడం తెలిసిన శిక్షకుడు ఉండాలి.

మూడోది, నేర్పేవాళ్ళు ఎక్కడ నేర్చుకున్నారు? డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1954లో పుట్టింది, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ 1965లో. అక్కడి బేసిక్ కోర్సు దాదాపు నాలుగు వారాలు, చివర్లో గ్రేడు ఇస్తారు. అడిగితే సిగ్గుపడకుండా చెప్పాలి. కానీ మంచు మీద నడిచినవాళ్ళందరికీ దక్కన్ పొదల గురించి తెలియాలని లేదు. దూలగొండిని దూరం నుంచే గుర్తుపట్టగలరా? గన్నేరు పుల్లను వంటకు వాడొద్దని తెలుసా? ఉమ్మెత్త, గురివింద చూపించి వీటి జోలికి పోవద్దంటారా? వీలైతే ఆ ఊరి మనిషి ఒకరు, కాపరో, తండా నుంచి వచ్చిన పెద్దాయనో, జట్టులో ఉన్నారా అని అడగండి. ఉంటే ఆయనకు కూలి ఇస్తున్నారా, శిక్షకుడికి ఇచ్చే గౌరవం ఇస్తున్నారా అన్నది కూడా గమనించండి.

మెట్టు మెట్టుగా నేర్చుకోవడం అంటే ఏమిటో తెలియాలంటే మన మాలావత్ పూర్ణను చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, గురుకుల పాఠశాల విద్యార్థిని. 2014 మే 25న, పదమూడేళ్ళ పదకొండు నెలల వయసులో, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్‌తో పాటు ఎవరెస్ట్ ఎక్కింది. ఆ నడక మొదలైంది నేపాల్‌లో కాదు, భువనగిరి కోట బండ మీద. అది మన ఐటీ ఆఫీసుల నుంచి రెండు గంటల దూరం. ముందు భువనగిరి, తర్వాత డార్జిలింగ్, తర్వాత లద్దాఖ్ చలి, ఆ తర్వాతే ఎవరెస్ట్. ప్రతి మెట్టు దగ్గరా కొందరిని ఇక్కడితో చాలని ఆపారు. ఒక్క శని, ఆదివారాల్లో నిన్ను అడవి మనిషిని చేస్తామనేవాళ్ళను పూర్ణ పక్కన నిలబెట్టి చూడండి, తేడా తెలుస్తుంది.

నాలుగోది, పాము. ఇక్కడ నేను కాస్త ఆగుతాను. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటు వల్ల ఏటా సగటున 58,000 మంది పోయారని పరిశోధకులు లెక్కగట్టారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర, ఈ నాలుగింటి విషానికీ విరుగుడు మందు ఒకటే ఉంది, అది ఆసుపత్రిలో ఉంటుంది. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళను నిద్రలోనే కాటేస్తుంది. విదేశీ పుస్తకాల్లో ఆకులు పరుచుకుని నేల మీద పడుకోవడం గొప్ప పాఠం. ఆ చలిదేశాలకు అది సరిపోతుంది. మన నేల మీద అదే పాఠాన్ని అప్పజెప్పే శిక్షకుడు పుస్తకం చదివాడు గానీ పొలం గట్టు మీద పడుకోలేదు. జిప్ వేసిన టెంట్‌లోనో, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరలోనో పడుకోమనేవాడు తెలిసినవాడు. కాటు పడితే కోయొద్దు, పీల్చొద్దు, తాడు బిగించొద్దు. ఉంగరాలు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా కర్రకు కట్టి, ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏది, ఎంత దూరం, బండి రాత్రంతా అక్కడే ఉంటుందా అని అడగండి. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలైంది. అది వచ్చే దారి ఎక్కడి దాకా ఉందో శిక్షకుడికి తెలిసి ఉండాలి. అడవిలో ప్రథమ చికిత్సకు వేరే కోర్సులున్నాయి. చిన్నది సుమారు పదహారు గంటలు, రెండేళ్ళకోసారి మళ్ళీ చేయాలి. ఆ సర్టిఫికెట్ తేదీ చూపించమనండి.

ఐదోది నాకు అన్నిటికంటే ముఖ్యం. రద్దు చేసే అధికారం ఎవరిది? గచ్చిబౌలి ఆఫీసులో కూర్చుని టికెట్లు అమ్మే మనిషిదా, వాగు ఒడ్డున నిలబడ్డ శిక్షకుడిదా? రద్దయితే అదే డబ్బుతో ఇంకో తేదీ ఇస్తారా? ఈ ఏర్పాటు ముందే లేకపోతే, ఒడ్డున నిలబడ్డ మనిషి మీద అటు యజమాని, ఇటు మీరు, ఇద్దరూ కలిసి ఒత్తిడి తెస్తారు. చెంచు బావమరిదికి అక్కచెల్లెలి తాళి కళ్ళ ముందుంటుంది. మన శిక్షకుడికి వచ్చే నెల జీతం కళ్ళ ముందుంటే, తప్పు ఆయనదొక్కడిదే కాదు.

ఇన్ని అడిగాక కోర్సులో ఏముండాలని మీరు నన్నడగొచ్చు. కొత్తవాళ్ళకు రెండు రోజుల్లో పట్టేది కొంచెమే. ఒక టార్పాలిన్, రెండు ముళ్ళతో వాన తగలని నీడ. మూడు రకాలుగా నిప్పు, అందులో ఒకటి మామూలు అగ్గిపెట్టె. చేయి చాచినంత దూరంలో మనిషి లేకుండా చూసుకుని కత్తి వాడటం. చెలమ నీళ్ళు గుడ్డతో వడగట్టి, తెర్లే మరుగు వచ్చాక కనీసం ఒక నిమిషం ఉంచడం. నల్లగొండ బోరునీళ్ళలోని ఫ్లోరైడ్ మరిగించినా పోదు, అయితే ఒక్క పూట తాగితే ఏమీ కాదు. వాగునీళ్ళలోని క్రిములు కడుపును పట్టుకోవడానికి మాత్రం ఆ ఒక్క పూట చాలు. దిక్సూచి, కాగితం పటం. ఈల మూడుసార్లు ఊదితే సాయం అడుగుతున్నట్టని గుర్తుంచుకోవడం. దారి తప్పామని తెలియగానే నడక ఆపేసి కూర్చోవడం. బండల దగ్గర అత్తరు పూసుకోకుండా, పొగ పెట్టకుండా, అరవకుండా తేనెటీగల్ని వాటి మానాన వదిలేయడం. ఆకులూ దుంపలూ తిని బతకడం మొదటి కోర్సులో ఉంటే నేను చేరను. గుర్తుపట్టడానికి ఏళ్ళు పడుతుంది, పొరబడటానికి ఒక్క ముద్ద చాలు.

డబ్బు కట్టకుండానే మీకు ఈ విద్య పడుతుందో లేదో చూసుకునే దారి కూడా ఉంది. కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌కు నాలుగు ఆదివారాలు వెళ్ళండి. వారానికి మూడు చెట్లు, ఆకు పట్టుకుని చెప్పగలిగేలా నేర్చుకోండి. మెట్రోలో ఫోన్ బదులు చేతిలో ఒక మూరెడు తాడు పట్టుకుని, రాయదుర్గం చేరేలోపు ఒక ముడి వేయండి. ఒక రాత్రి డాబా మీద ఫ్యాన్ లేకుండా, దోమతెర మీరే కట్టుకుని పడుకోండి. మరునాడు ఒంట్లో ఇంకా ఉత్సాహం ఉంటే అప్పుడు ఫోన్ తీయండి.

ఆ శుక్రవారం క్యాబ్ వచ్చింది. కుర్రాడు కూర్చున్నాక ఆ ప్రకటనలోని నంబరుకు ఫోన్ చేశాడు. నేను చెప్పిన వాటిలో ఒక్క ప్రశ్నే అడిగాడు. "వాన పడితే ఎట్లా? ఆపేది ఎవరు?" అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "సార్, మా దగ్గర ఎప్పుడూ ఆగదు సార్, గ్యారంటీ" అన్నారు. వాడు నా వైపు చూసి ఫోన్ పెట్టేశాడు.

చివరగా ఒక్క విన్నపం. మీరు ఏ కోర్సుకు వెళ్ళినా, అసలు కోర్సు లేకుండా ఏ కొండకు వెళ్ళినా, ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాయండి. ఎక్కడికి వెళ్తున్నారు, ఎవరితో, ఏ దారిన, ఎన్నింటికి తిరిగి వస్తారు. ఆ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాసి, ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించి వెళ్ళండి. అడవిలో మీ తాడు ఎవరు పట్టుకున్నా, దాని రెండో కొస ఇంట్లో ఒకరి చేతిలో ఉండాలి.